చిన్న పంచాయతీని మళ్ళీ పెద్ద ఊళ్ళో కలిపేయమని అడగవచ్చా?

వేపచెట్టు నీడ
మాది తెలంగాణలో 2018లో కొత్తగా పుట్టిన పంచాయతీ. అంతకుముందు రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద ఊరికి శివారు పల్లె. జనాభా ఆరు వందల లోపు. 2025 డిసెంబరు ఎన్నికల్లో నేను వార్డు సభ్యుడిగా గెలిచాను. ప్రమాణం చేసిన మర్నాడే ఉత్సాహం ఆపుకోలేక లెక్కల పుస్తకం అడిగి తెప్పించుకున్నాను. అడగకుండా ఉండాల్సింది.

ఇంటి పన్ను మొత్తం వసూలైతే ఏడాదికి లక్షా పది వేలు వస్తుంది. మొత్తం వసూలైన ఏడాది ఒక్కటీ లేదు. అందరికీ ఇచ్చినట్టే మాకూ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ ఇచ్చారు, బ్యాంకు అప్పు మీద. నెలకు పదిహేడు వేల చిల్లర కిస్తీ. ఊళ్ళో రోజుకు వచ్చే చెత్త నాలుగు గంపలు. ఆ నాలుగు గంపల కోసం ఐదేళ్ళు కిస్తీ కట్టాం. ఇప్పుడు కిస్తీలు తీరాయి, బ్యాటరీ పోయింది. ట్రాక్టర్ వేపచెట్టు కింద ఉంది. ట్రాలీలో ఎవరిదో కోడి పొదుగుతోంది.

మాకూ పెద్ద ఊరికీ మధ్య ఇంకో చిన్న పంచాయతీ ఉంది. అంటే రెండు కిలోమీటర్లలో మూడు ట్రాక్టర్లు, మూడు నర్సరీలు, మూడు డంపింగ్ యార్డులు, మూడు వైకుంఠధామాలు (శ్మశానాలు). కార్యదర్శి మాత్రం మాకూ ఆ పక్కవాళ్ళకూ కలిపి ఒక్కరే.

గ్రామసభలో తీర్మానం పెట్టి తిరిగి కలిపేయమని అడిగితే తప్పా? ఊళ్ళో ఈ మాట అంటే తన్నులు తప్పవు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

మిరపకాయ బజ్జి
ముందు ఆ కోడి ఏ పంచాయతీదో తేల్చండి. సరిహద్దు సమస్య వస్తుంది.

లెక్కల మాస్టారు
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో పాటు ఒక్క దెబ్బకు 4,383 కొత్త పంచాయతీలు పుట్టాయి. మొత్తం 12,700 దాటింది. 2011 లెక్కల ప్రకారం గ్రామీణ జనాభాను భాగించి చూడండి, ఒక్కో పంచాయతీకి సగటున పదిహేడు వందల మంది కూడా రారు. కేరళలో మొత్తం గ్రామ పంచాయతీలు 941. జనాభాలో రెండు రాష్ట్రాలూ దాదాపు సమానం. మనకు పదమూడు రెట్లు ఎక్కువ సర్పంచులు ఉన్నారు. పదమూడు రెట్లు ఎక్కువ పాలన ఉందా?

తండా గొంతు
మాస్టారూ, భాగహారం బాగుంది. మా తండా సంగతి భాగహారంలో రాదు.

మేము ముప్పై ఏళ్ళు పెద్ద ఊరి పంచాయతీ కింద ఉన్నాం. ఊరి ఓట్లు పద్దెనిమిది వందలు, మా ఓట్లు మూడు వందలు. సర్పంచి ఎప్పుడూ ఊరివాడే. సిమెంటు రోడ్డు ఊళ్ళో నాలుగో వీధి వరకు పడింది, మా తండాకు మొరం కూడా పడలేదు. వీధి దీపం పోతే ఊరికి నడిచి వెళ్ళి చెప్పాలి. "చూద్దాం" అనేవారు. ఆ చూడడం దసరా వరకు సాగేది. 'మా తండాలో మా రాజ్యం' అని ఊరికే అనలేదు. అడిగీ అడిగీ నోళ్ళు పడిపోయాక వచ్చింది అది.

ఇప్పుడు మా సర్పంచి మా వదిన. ఖజానాలో డబ్బు లేదు, ఒప్పుకుంటాను. అయినా దీపం పోతే సాయంత్రానికి వెలుగుతుంది. వెలగకపోతే ఆమె ఇంట్లో అన్నం తినలేదు, మేమంతా వాకిట్లోనే ఉంటాం.

వేపచెట్టు నీడ
@తండా గొంతు, మీ మాట కాదనను. మాకూ ఆ రోజులు గుర్తున్నాయి. కానీ మాది తండా కాదు, పెద్ద ఊరివాళ్ళూ మేమూ చుట్టాలమే. మాకు ఆ వివక్ష అంతగా లేదు. పంచాయతీ వచ్చాక మాకు కొత్తగా వచ్చింది ఒక బోర్డు, ఒక ట్రాక్టర్, రెండు వర్గాలు.

సర్కారు తుమ్మ
రెండే వర్గాలా? అదృష్టవంతులు.

పాత ఈవో
పంచాయతీ కార్యనిర్వహణాధికారిగా చేసి రిటైరయ్యాను. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఈ చర్చ కొత్తది కాదు. పంచాయతీరాజ్ మీద కేంద్రం వేసిన అశోక్ మెహతా కమిటీ 1978లో నివేదిక ఇచ్చింది. పదిహేను, ఇరవై వేల జనాభాకు ఒక మండల పంచాయతీ ఉండాలి, చిన్న పంచాయతీలతో పనులు కావు అన్నది అందులో ముఖ్యమైన మాట. మన దగ్గర 1985లో ఎన్.టి.ఆర్. మండలాలు తెచ్చారు. 330 పంచాయతీ సమితుల స్థానంలో 1,100 పైచిలుకు మండలాలు వచ్చాయి. గమనించండి, అది ముక్కలు చేయడమే. అయినా జనానికి మేలు జరిగింది. అంతకుముందు తాలూకా కచేరీకి వెళ్ళాలంటే మా నాన్న తెల్లవారుజామునే సద్ది మూట కట్టుకుని బయలుదేరేవాడు, పని కాకపోతే సత్రంలో పడుకునేవాడు. మండలం వచ్చాక మధ్యాహ్న భోజనానికి ఇంటికి వచ్చేవాడు. కనుక ముక్కలు చేయడం ఎప్పుడూ చెడ్డదేనన్న మాటను నేను ఒప్పుకోను.

కానీ మనం పైన ముక్కలు చేశాం, కింద కలపలేదు. కమిటీ చెప్పిన మండలం పంచాయతీల బదులుగా రావాల్సింది. మనం పంచాయతీలను అలాగే ఉంచి వాటి మీద మండలాన్ని కూర్చోబెట్టాం. 2018లో కింద ఉన్నవాటిని ఇంకా చిన్నవి చేశాం.

ఇంకో మాట. చిన్న పంచాయతీ చితికిపోవడానికి కారణం చిన్నదవడం ఒక్కటే కాదు. ఖర్చులను పైవాళ్ళు నిర్ణయించారు. ట్రాక్టర్ కొనాలని మీరు తీర్మానం చేశారా? చేయలేదు. ప్రకృతివనం, నర్సరీ, శ్మశానం, అన్నీ పైనుంచి వచ్చిన లెక్క. ఐదు వేల జనాభా ఉన్న ఊరికీ ఐదు వందల ఊరికీ ఒకటే కొలత బట్ట కుట్టించారు.

లెక్కల మాస్టారు
ఈవో గారూ, ఆ చివరి పేరా చాలు. మిగతాది లేకపోయినా ఒప్పుకునేవాణ్ణి.

పాత ఈవో
రిటైరైనవాడిని మాస్టారూ. మిగతాది రాయకపోతే నిద్ర పట్టదు.

పాలక్కాడు కోడలు
పుట్టింది ఖమ్మం వైపు, మెట్టింది పాలక్కాడు. మాస్టారు కేరళ పేరెత్తారు కనుక చెబుతున్నాను. ఇక్కడ పంచాయతీ అంటే దాదాపు పాతిక వేల మంది. మా అత్తగారింటి పంచాయతీ ఆఫీసు మా నాన్నగారి మండల ఆఫీసుకన్నా పెద్దది. లోపల ఇంజనీరు ఉంటాడు. పక్కనే కృషి భవన్, పశువుల ఆసుపత్రి, అవన్నీ పంచాయతీ చేతి కింద ఉన్నవే. 1996లో జనకీయ ప్రణాళిక మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చారు. పంచాయతీ పెద్దది కనుక బలంగా ఉందని అనుకోకండి. డబ్బూ మనుషులూ ఇచ్చారు కనుక బలంగా ఉంది.

పైగా ఇక్కడ ఊళ్ళు మనలా గుంపుగా ఉండవు. ఇల్లు, కొబ్బరి తోట, మళ్ళీ ఇల్లు, రోడ్డు పొడవునా అలాగే సాగుతుంది. ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో పదిహేనేళ్ళయినా నాకు తెలియదు. మన దగ్గర ఊరికీ ఊరికీ మధ్య పొలాలు ఉన్నాయి, పాత పగలూ ఉన్నాయి.

మిరపకాయ బజ్జి
పొలాలకన్నా పగలే ఎక్కువ విస్తీర్ణంలో ఉన్నాయి.

శివారు ప్లాటు
పల్లెల గోల ఇది. మా గోల వినండి. హైదరాబాద్ అంచున ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నప్పుడు మాది పంచాయతీ. తర్వాత మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్. ఇల్లు ఒక్క అంగుళం కదలలేదు. గేటు పక్కన మూడు నంబరు ఫలకాలు ఉన్నాయి, ఒకటి పంచాయతీ రోజుల్లో రంగుతో రాసినది, రెండోది రేకు, మూడోది నీలం రంగు బిళ్ళ. కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "సార్, మూడిట్లో ఏది?" అంటాడు. నాలుగో దానికి గోడ మీద చోటు వెతుకుతున్నాను.

2025 నవంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది, డిసెంబరుకల్లా 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి. 650 చదరపు కిలోమీటర్ల నగరం రెండు వేలు దాటింది. ఇంతకీ మా వీధి చివర మ్యాన్‌హోల్ పొంగుతోంది. పాత ఆఫీసుకు వెళితే "ఫైళ్ళు సర్కిల్‌కు పోయాయి" అన్నారు. సర్కిల్‌కు వెళితే "ఇంకా రాలేదు" అన్నారు. ఫైళ్ళు దారిలో ఎక్కడో టిఫిన్ చేస్తున్నట్టున్నాయి.

చెరువుగట్టు
@శివారు ప్లాటు, ఎవరూ గమనించని సంగతి ఒకటి చెబుతాను. మీ పాలకవర్గం గడువు ఎప్పుడు ముగిసింది? 2025 జనవరిలో. కలిపింది ఎప్పుడు? ఆ ఏడాది చివర. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. అప్పటికి సర్పంచుల గడువు ముగిసి ఏడు నెలలు. ఎదురు చెప్పడానికి ఎన్నికైన మనిషి కుర్చీలో లేని సమయంలోనే ఈ పనులన్నీ జరుగుతాయి. పెళ్ళికూతురు ఊళ్ళో లేనప్పుడు నిశ్చితార్థం చేసినట్టు.

శివారు ప్లాటు
పెళ్ళికూతుర్ని ఇంతకుముందు రెండు సార్లు ఇచ్చి చేశారు. ఇది మూడో సంబంధం.

సర్కారు తుమ్మ
కౌన్సిలర్లు ఉన్నా ఎదురు చెప్పేవారా? మా దగ్గర పనిచేసిన కౌన్సిలర్లలో సగం మంది వెంచర్లవాళ్ళే. జీహెచ్‌ఎంసీ అన్న మాట పడగానే గజం ధర పెరుగుతుందని లోపల లోపల సంతోషించి ఉంటారు.

చెరువుగట్టు
కావచ్చు. అయినా అడిగి చేయడం వేరు, అడగకుండా చేయడం వేరు.

అల్వాల్ పెద్దాయన
2007 ఏప్రిల్ గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? పాత హైదరాబాద్ కార్పొరేషన్ (ఎంసీహెచ్)లో 12 మున్సిపాలిటీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేసిన రోజులు. ఎల్.బి.నగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, మా అల్వాల్, అటు పటాన్‌చెరు వరకు. అప్పుడూ ఇదే ఏడుపు. మొదటి రెండేళ్ళు ఎవరిని అడగాలో తెలియలేదు. తర్వాత మంజీరా నీళ్ళు వచ్చాయి, పెద్ద రోడ్లు వచ్చాయి. అవి విడిగా ఉన్న మున్సిపాలిటీ తన డబ్బుతో ఎన్నటికీ చేయలేదు. నాలాకు మున్సిపాలిటీ హద్దు తెలియదు. పైన ఉన్న ఊరు వదిలిన నీళ్ళు కింద ఉన్న ఊరి ఇళ్ళలోకి వస్తాయి. అలాంటివాటికి పెద్ద సంస్థ కావాలి, ఇందులో నాకు అనుమానం లేదు.

పోయింది ఏమిటంటే మనిషి. అంతకుముందు మా కౌన్సిలర్ పొద్దున పాల పాకెట్ల కోసం మాతోపాటు వరుసలో నిలబడేవాడు. తర్వాత 150 వార్డుల్లో ఒకటి అయ్యాం. కార్పొరేటర్ కారు అద్దాలు దించేవాడు కాదు.

శివారు ప్లాటు
ఇప్పుడు 300 వార్డులు అంటున్నారు పెద్దాయనా. అద్దాలు సగమైనా దిగుతాయేమో.

మిరపకాయ బజ్జి
ఇంత పెద్దది అయింది కదా, పాలన కష్టం అని రేపు మళ్ళీ మూడు ముక్కలు చేయరని ఏమిటి నమ్మకం? ప్లాటు గారూ, గోడ మీద ఐదో ఫలకానికి కూడా చోటు ఉంచండి.

కృష్ణ ఒడ్డు
ఆంధ్ర వైపు నుంచి ఒక మాట. మా ఊరిని నాలుగేళ్ళ కింద పక్క పట్టణంలో కలిపారు. పేరు రాయను. ఊళ్ళో సగం మందికి సంతోషం, పట్టణం అయిపోయామని. మా వీధిలో కూలి చేసుకునే ఆడవాళ్ళు ఎండాకాలంలో ఉపాధి హామీ పనికి ఎప్పటిలాగే పలుగూ పారా పట్టుకుని వెళితే "మీది ఇప్పుడు పట్టణం, మీకు వర్తించదు" అని పంపేశారు. ఊరు చుట్టూ అవే పొలాలు, అదే కాలువ, అదే బురద. కాగితం మీద మాత్రం పట్టణం. మా పిన్ని జాబ్ కార్డు ఇప్పటికీ బియ్యం డబ్బాలో దాచుకుంది, ఎప్పుడైనా పనికొస్తుందని.

పన్ను సంగతి ఎత్తను. ఆంధ్రలో పట్టణాల ఇంటి పన్ను ఇప్పుడు అద్దె విలువ మీద కాదు, ఆస్తి విలువ మీద. ఏడాదికి పదిహేను శాతానికి మించి పెంచరు అని ఊరటగా చెప్పారు. ప్రతి ఏడూ పదిహేను పెరిగితే ఐదేళ్ళకు ఎంతవుతుందో మాస్టారిని అడగండి.

లెక్కల మాస్టారు
రెట్టింపు. కచ్చితంగా చెప్పాలంటే రెట్టింపు దాటుతుంది.

భీమిలి గాలి
మా భీమిలి 1861లో ఏర్పడిన మున్సిపాలిటీ. దేశంలోనే పాతవాటిలో ఒకటి అని చిన్నప్పుడు బడిలో గొప్పగా చెప్పేవారు. అనకాపల్లినీ మమ్మల్నీ విశాఖ మహానగరంలో కలిపారు. ఇప్పుడు మేము ఒక జోన్. నష్టం లెక్కలు నాకు తెలియవు, రోడ్లు మెరుగయ్యాయని కూడా ఒప్పుకుంటాను. కానీ "మా ఊరి మున్సిపాలిటీ" అనే మాట నోట్లోంచి పోయింది. దీనికి ఏ ఆర్థిక సంఘం గ్రాంటు ఇస్తుంది?

సర్కారు తుమ్మ
నోస్టాల్జియా మీద పన్ను వేస్తే భీమిలి దేశంలోనే ధనిక మున్సిపాలిటీ అయ్యేది.

భీమిలి గాలి
నవ్వండి. సముద్రం వైపు నుంచి వచ్చి చూస్తే మీరూ ఇదే రాసేవారు.

ఎడిసన్ వాసి
న్యూజెర్సీ నుంచి. మీరంతా మనకే ఈ రోగం అనుకుంటున్నారు. మా రాష్ట్రంలో జనాభా కోటి కూడా లేదు, మున్సిపాలిటీలు 564. నేను ఉండే ఎడిసన్ మధ్యలో గారెకు చిల్లులా మెటచెన్ అనే చిన్న ఊరు ఉంది. నలువైపులా ఎడిసనే. 1900లో విడిపోయింది. ఎడిసన్‌లో లక్షకు పైగా జనం, మెటచెన్‌లో పదిహేను వేలు. వాళ్ళకు వేరే మేయరు, వేరే పోలీసులు, వేరే బడులు. నేను ఆఫీసుకు నేరుగా వెళ్ళినా ఎడిసన్ నుంచి మెటచెన్, మళ్ళీ ఎడిసన్. ఇంటి పన్నులో దేశంలోకెల్లా మేమే ముందు, సగటున ఏడాదికి పది వేల డాలర్ల దగ్గర.

కలపడం అంటే ఇక్కడ జనం ఓటు వేయాలి. ప్రిన్స్‌టన్‌లోనూ ఇదే గారె కథ, మధ్యలో బరో అనే చిన్న పట్టణం, చుట్టూ టౌన్‌షిప్ అనే వేరే మున్సిపాలిటీ. 1950ల నుంచి చర్చ, ఓటింగులో పలుమార్లు ఓడిపోయింది. చివరకు 2011లో నెగ్గింది, 2013 జనవరి 1న రెండూ ఒకటయ్యాయి. కలిశాక పాత టౌన్‌షిప్ వాళ్ళకు మున్సిపాలిటీ చెత్త బండి రావడం మొదలైంది, అంతకుముందు సొంత డబ్బుతో మనిషిని పెట్టుకునేవారు. అంత పేరున్న ఊరికే అరవై ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత వరుసగా అందరూ కలిసిపోతారని అనుకున్నారు. 2022లో ఒక బుల్లి ఊరు తప్ప ఎవరూ కదలలేదు.

మిరపకాయ బజ్జి
అరవై ఏళ్ళ చర్చ, చెత్త బండి కోసం. వేపచెట్టు గారి ట్రాక్టర్‌ను అక్కడికి పంపితే అయిపోయేది.

తండా గొంతు
ఎడిసన్ అన్న చెప్పినదాంట్లో నాకు నచ్చింది ఒక్కటే. ఓటు అడిగారు. రెండు ఊళ్ళూ విడివిడిగా ఒప్పుకున్నాకే కలిపారు కదా?

ఎడిసన్ వాసి
అవును, రెండు చోట్లా నెగ్గాలి. ఒక్క చోట ఓడినా పోతుంది. అందుకే అంత కాలం పట్టింది.

నిషికసాయ్
టోక్యోలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. జపాన్ సంగతి కూడా చేర్చుతాను. 1999లో ఇక్కడ 3,232 ఊళ్ళూ పట్టణాలూ ఉండేవి, 2010కల్లా 1,727 అయ్యాయి. బలవంతం లేదు అన్నారు. కలిస్తే, ఆ కలయిక పనులకు తెచ్చే ప్రత్యేక అప్పులో డెబ్బై శాతం కేంద్రమే తీరుస్తుందని ఆశ చూపారు, మరో చేత్తో చిన్న ఊళ్ళకు ఇచ్చే డబ్బు తగ్గించారు. అంటే మెడ పట్టి తోయలేదు, అన్నం పళ్ళెం జరిపారు.

ఫుకుషిమా జిల్లాలో యమత్సురి అనే చిన్న ఊరు 2001లోనే "మేము ఎవరితోనూ కలవం" అని తీర్మానం చేసింది. ఊరికే పంతం పట్టి కూర్చోలేదు. ఆఫీసు కౌంటరు ఏడాదికి 365 రోజులూ తెరిచారు. దూరంగా ఉన్న వాడల్లో ఉద్యోగుల ఇళ్ళే శాఖా కార్యాలయాలు. ముసలివాళ్ళు కాగితం పట్టుకుని పొరుగింటి ఉద్యోగి తలుపు కొడితే చాలు. చిన్నగా ఉండాలంటే అంత కష్టపడాలి.

సర్కారు తుమ్మ
మా కార్యదర్శి తలుపు కొట్టాలంటే జిల్లా కేంద్రం దాకా బస్సెక్కాలి. అక్కడే కాపురం.

పాత ఈవో
తుమ్మ గారూ, ఆ కార్యదర్శుల తరఫున ఒక మాట. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా సర్పంచులు లేరు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ఆ రోజుల్లో వీధి దీపాల బల్బులూ బ్లీచింగ్ పొడీ డీజిలూ కార్యదర్శులు జేబులోంచి కొన్నారు. నా మేనకోడలు కార్యదర్శి. బంకులో ఆమె పేరు మీద డీజిల్ ఖాతా ఉంది, గాజులు తాకట్టు పెట్టి ఒకసారి తీర్చింది. ఆ బిల్లు ఇంకా ట్రెజరీలో ఉంది. కాపురం ఎక్కడున్నా పని మాత్రం చేసింది.

సర్కారు తుమ్మ
ఆ సంగతి తెలియదు ఈవో గారూ. వెనక్కి తీసుకుంటున్నాను.

వేపచెట్టు నీడ
జపాన్, న్యూజెర్సీ అన్నీ చదివాను, బాగుంది. నా ట్రాక్టర్ అక్కడే ఉంది. కోడి పిల్లలు కూడా అయ్యాయి, తొమ్మిది.

ఒక విషయం మాత్రం మనసులో పడింది. తండా గొంతు గారు చెప్పినది, దీపం వెలగకపోతే వదిన అన్నం తినలేదు అని. మా ఊళ్ళో కూడా మొన్న బోరు మోటారు కాలితే సర్పంచి రాత్రి పదకొండింటికి ఊరంతా తిరిగి చందా వేయించి మెకానిక్‌ను తెచ్చాడు. పెద్ద ఊళ్ళో ఉంటే మా మోటారు వాళ్ళ జాబితాలో ఎన్నోది అయ్యేదో. కాబట్టి కలిపేయమని అడిగే ఉద్దేశం సగం తగ్గింది. కానీ మూడు ట్రాక్టర్ల పిచ్చి మాత్రం తగ్గలేదు.

లెక్కల మాస్టారు
అదే నేను చెప్పేది కూడా. సర్పంచులను కలపకండి, ట్రాక్టర్లను కలపండి.

చెరువుగట్టు
మీరు ఇంతకుముందు అలా చెప్పలేదు మాస్టారూ. పైకి వెళ్ళి మీ మొదటి పోస్టు చూడండి.

లెక్కల మాస్టారు
చూశాను. లెక్క సరిదిద్దుకోవడం కూడా లెక్కలో భాగమే.

పాలక్కాడు కోడలు
ఈవో గారూ, మూడు పంచాయతీలు కలిసి ఒక ట్రాక్టర్ నడిపితే ఆడిట్ వాళ్ళు ఒప్పుకుంటారా?

పాత ఈవో
అడ్డు చెప్పేవాడు ఎప్పుడూ ఉంటాడు. జాగ్రత్తగా చేయాలి. మూడు పంచాయతీల్లోనూ విడివిడిగా తీర్మానం. ఏ రోజు ఎవరి ఊళ్ళో ఎన్ని గంటలు తిరిగిందో లాగ్ పుస్తకం. డీజిల్ ఎవరి వాటా వాళ్ళు చెక్కు రూపంలో. చెక్కు మీద సర్పంచి, ఉప సర్పంచి ఇద్దరి సంతకాలూ ఉండాలి, మూడు ఊళ్ళకు ఆరు సంతకాలు. ఉప సర్పంచులు ముగ్గురిలో ఒక్కడైనా అలుగుతాడు. ముందే టీ తాగించండి.

తండా గొంతు
ఇంకోటి. ట్రాక్టర్ ముందు ఏ ఊరికి వెళుతుంది? పెద్ద ఊరి నుంచి మొదలైతే సాయంత్రానికి మీ దగ్గరికి వస్తుంది, వస్తే. సోమవారం మీ ఊరు అని కాగితం మీద రాయించుకోండి. మా అనుభవం.

అల్వాల్ పెద్దాయన
ఈ ఒక్క సలహా 2007లో మాకు ఎవరైనా ఇచ్చి ఉంటే.

వేపచెట్టు నీడ
తిరిగి వచ్చాను, పన్నెండు రోజుల తర్వాత. ఏమైందో చెబుతున్నాను.

పెద్ద ఊరు ఒప్పుకోలేదు. "మా ట్రాక్టర్ బాగానే ఉంది" అన్నారు. మధ్య ఊరు ఒప్పుకుంది. వాళ్ళ డ్రైవరు పని మానేశాడు, మా దగ్గర ట్రాక్టర్ తోలడం వచ్చిన మల్టీపర్పస్ వర్కర్ ఉన్నాడు. మా బ్యాటరీ పోయింది, వాళ్ళ బ్యాటరీ కొత్తది. వాళ్ళ ట్రాక్టర్, మా మనిషి. సోమ, గురు మాకు. మిగతా రోజులు వాళ్ళకు. మా ట్రాక్టర్‌ను అలాగే ఉంచాం, అమ్మడానికి పైనుంచి అనుమతి రావాలట.

తీర్మానం రెండు ఊళ్ళలోనూ అయింది. ఉప సర్పంచులకు టీ తాగించాం, ఒకాయన మిర్చి బజ్జీ కూడా అడిగాడు.

మిరపకాయ బజ్జి
నా ప్రస్తావన లేకుండా సంస్కరణలు జరగవు.

వేపచెట్టు నీడ
ఇప్పుడు ఒకటే మిగిలింది. ట్రాలీ వెనక వాళ్ళ పంచాయతీ పేరు ఒక్కటే ఉంది. అది మా వీధుల్లో తిరుగుతుంటే మావాళ్ళకు నచ్చడం లేదు. రెండు పేర్లూ రాయించాలన్నారు. ఎవరి పేరు పైన ఉండాలన్న దాని మీద ఒక సాయంత్రం పోయింది. చివరకు పక్కపక్కన రాయిద్దామన్నారు. పెయింటరు పన్నెండు వందలు అడిగాడు. ఆ పన్నెండు వందలు ఎవరి ఖాతాలోంచి ఇవ్వాలో రేపు మళ్ళీ కూర్చుంటున్నాం.

పాత ఈవో
చెరి ఆరు వందలు. రెండు వోచర్లు. పెయింటరు సంతకం రెండిటి మీదా తీసుకోండి, మరిచిపోకండి.